సాయంత్రం గుడాలు పదో తరగతికేనా?

ఖమ్మం జిల్లా కలెక్టర్ గారికి కారేపల్లి నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి,



2025లో ఫిబ్రవరి 1 నుంచి మార్చి 20 దాకా, మొత్తం 38 పనిదినాలు, మన రాష్ట్రంలోని సర్కారు బడుల్లో పదో తరగతి పిల్లలకు సాయంత్రం స్పెషల్ క్లాసుల వేళ అల్పాహారం పెట్టారు. తలకు 15 రూపాయలు. మెనూ కూడా పైనుంచే వచ్చింది. ఒకరోజు ఉడికించిన బొబ్బర్ల గుడాలు, ఒకరోజు పెసలు, ఒకరోజు శనగలు, ఒకరోజు పల్లీలు బెల్లం, మిగతా రోజుల్లో చిరుధాన్యాల బిస్కెట్లు, ఉల్లిపాయ పకోడీ. పకోడీ ఎవరి ఆలోచనో గానీ, మిగతావన్నీ పోషకాహార నిపుణులను కూర్చోబెట్టి రాయించినా అంతకంటే బాగా రాయరు. పిల్లలు ఇష్టంగా తిన్నారు. పరీక్షలు రాగానే పొయ్యి ఆరిపోయింది.

నా ప్రశ్న చిన్నది. సాయంత్రం నాలుగు దాటాక ఆకలయ్యేది పదో తరగతి పిల్లలకేనా? అది కూడా ఫిబ్రవరి, మార్చిలోనేనా? ఆ 15 రూపాయలు పాస్ పర్సంటేజీ కోసం పుట్టాయి, అందుకే పరీక్షలతోనే పోయాయి. ఆరో తరగతి పిల్లకు బోర్డు పరీక్ష లేదు కాబట్టి ఆమె ఆకలికి ఫైలూ లేదు. ఈ పద్ధతిని మా సింగరేణి మండలంలో మార్చి చూపించండని అడగడానికే ఈ ఉత్తరం. ఆరు నుంచి తొమ్మిదో తరగతి దాకా చదివే ప్రతి సర్కారు బడి పిల్లకూ ఏడాది పొడుగునా, బడి వదిలాక ఒక గంట ఇవ్వండి. ముందు తిండి, తర్వాత ఆట. రెండూ కలిపి, ఒక లెక్క ప్రకారం.

నేను ఈ చుట్టుపక్కల బడుల్లో వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇప్పటికీ సాయంత్రమైతే కాళ్ళు గ్రౌండు వైపే పోతాయి. అక్కడ చూసినవీ, ఇన్నేళ్ళలో చదువుకున్నవీ కలిపి మీ ముందు పెడుతున్నాను.

కొత్తగా వచ్చే అధికారులకు కారేపల్లి అంటే రైల్వే జంక్షన్. డోర్నకల్ నుంచి కొత్తగూడెం పోయే లైను ఇక్కడే చీలి ఒక కొమ్మ ఇల్లందుకు పోతుంది. మండలం పేరు మాత్రం సింగరేణి. 1871లో జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టాక, బొగ్గు గనుల కంపెనీకి తగిలించిన పేరు ఈ సింగరేణిదే. బొగ్గుతో పాటు మా ఊరి పేరూ రైలెక్కి దేశమంతా తిరిగింది. మండలంలో ఎటు చూసినా లంబాడా తండాలు, కోయ గూడేలు, మధ్యలో పత్తి, మిరప చేలు, ఇల్లందు దారి పట్టుకుంటే అడవి. మా బడుల హాజరు పట్టీ తిరగేస్తే జనాభాలో తక్కువగా ఉండి, తక్కువగానే లెక్కకొచ్చే ఇళ్ళ పిల్లలే ఎక్కువ.

అలాంటి ఒక పిల్ల రోజు ఎలా సాగుతుందో చూడండి. పొద్దున చాయ్. పాలుంటే పాల చాయ్, లేకుంటే నల్ల చాయ్, ముంచుకోవడానికి ఒక టోస్టు ముక్క. పత్తి తీసే రోజుల్లో, మిరప ఏరే రోజుల్లో తల్లి తెల్లారకముందే కూలోళ్ళ ఆటో ఎక్కుతుంది. చెల్లెనూ తమ్ముణ్ణీ తయారుచేసి ఈ పిల్ల బడికి నడుస్తుంది. మధ్యాహ్న భోజనమే ఆ రోజుకు అసలు తిండి. 2015 జనవరి నుంచి సన్నబియ్యం వస్తోంది, వారంలో మూడు గుడ్లు ఉన్నాయి. ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లకు ఆ ఒక్క పూటలో 700 కేలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు అందాలని కేంద్రం నిబంధన. పప్పు నీళ్ళలా జారే రోజున అవి ఎంత అందుతాయో వడ్డించే అక్కను అడగాలి. ఆ తర్వాత ఇంట్లో పొయ్యి వెలిగేది రాత్రి ఏడూ ఎనిమిదింటికి. ఈ మధ్యలో అందేది రోడ్డు పక్క దుకాణంలో వేలాడే ఐదు రూపాయల ప్యాకెట్ ఒక్కటే.

ఆశ్రమ పాఠశాలలోనో గురుకులంలోనో ఉండే పిల్లకు సాయంత్రం ఏదో ఒకటి పెడతారు. 2024 చివర్లో డైట్ ఛార్జీలు 40 శాతం పెంచారు. మూడు నుంచి ఏడు తరగతులకు నెలకు 950 రూపాయలు 1,330 అయ్యాయి, ఎనిమిది నుంచి పది తరగతులకు 1,100 కాస్తా 1,540 అయ్యాయి. ఉమ్మడి మెనూ కూడా వచ్చింది. సంతోషమే. కానీ ఇంటి నుంచి నడిచొచ్చి ఇంటికే నడిచిపోయే పిల్ల ఈ లెక్కలో ఎక్కడా లేదు. హాస్టల్లో ఉన్న అక్కకు సాయంత్రం గుడాలు, ఇంట్లో ఉన్న చెల్లెకు ప్యాకెట్. ఇద్దరూ ఒకే తల్లి బిడ్డలు.

ఆ మధ్య ఒక సాయంత్రం ఆడపిల్లలు ఖోఖో ఆడుతున్నారు. ఒక పిల్ల, ఏడో తరగతి, చిరుతలా లేచేది. రెండు సార్లు పోల్ చుట్టి వచ్చి మూడోసారి మధ్యలో కూలబడిపోయింది. పడలేదు, కూర్చుండిపోయింది. దగ్గరికి పోతే, "కాళ్ళు గుంజుతున్నయ్ సారూ" అంది. కింది రెప్ప లాగి చూశాను. ఎర్రగా ఉండాల్సిన చోట తెల్లటి చార. గోళ్ళు కూడా పాలిపోయి ఉన్నాయి. మణికట్టు పట్టుకుంటే నాడి పరుగు ఆపలేదు, ఐదు నిమిషాలైనా దిగి రాలేదు. "ఏం తిన్నవ్ బిడ్డా?" అంటే "బువ్వ, సాంబారు." ఎప్పుడంటే "బళ్ళె." ఆమె పక్కన కూర్చున్న స్నేహితురాలు తన ప్యాకెట్ ముందుకు జరిపింది. ఉప్పూ నూనే, కాస్త మొక్కజొన్న పిండి.

ఇలాంటి పిల్లను స్టాఫ్ రూములో బద్ధకస్తురాలంటారు. లెక్కల పీరియడ్‌లో నిద్రపోతుందని గోడ దగ్గర నిలబెడతారు. రక్తంలో హిమోగ్లోబిన్ తక్కువైతే కండకు ప్రాణవాయువు సరిపోదు. సరిపోనిదాన్ని గుండె ఎక్కువసార్లు కొట్టుకుని పూడుస్తుంది. కొంతదూరం పూడుస్తుంది, ఆ తర్వాత చేతులెత్తేస్తుంది. 12 నుంచి 14 ఏళ్ళ పిల్లకు హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే, 5 నుంచి 11 ఏళ్ళ పిల్లకు పదకొండున్నరకు తగ్గితే రక్తహీనత అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో ఐదేళ్ళలోపు పిల్లల్లో 70 శాతం మందికి, 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో దాదాపు 65 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. నాలుగేళ్ళ కిందటి సర్వే కంటే రెండు అంకెలూ పెరిగాయి. ఒక సంగతి గమనించారా? ఆ సర్వేలో ఐదేళ్ళు నిండిన పిల్ల లెక్కలోంచి జారిపోతుంది, మళ్ళీ పదిహేనో ఏట తేలుతుంది. మధ్యలో పదేళ్ళు, సరిగ్గా బడిలో ఉండే పదేళ్ళు, ఆమె రక్తం సంగతి ఆ పుస్తకంలో లేదు.

వారానికి ఒక నీలం మాత్ర ఇస్తున్నారు కదా అంటారు. ఇస్తున్నారు, ఇవ్వాలి కూడా. ఏడాదిలో రెండుసార్లు నులిపురుగుల మాత్రా మంచిదే. కానీ 10 నుంచి 12 ఏళ్ళ ఆడపిల్లకు రోజుకు 28 మిల్లీగ్రాముల ఇనుము కావాలని హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో లెక్కగట్టింది. అదే వయసు మగపిల్లవాడికి 16 చాలు. తిండిలో ఇనుము లేకుండా వారానికో మాత్రతో ఆ గుంట పూడదు. ఉన్న కాస్త ఇనుమునూ చాయ్ పట్టి ఉంచేస్తుంది, ఒంటికి పట్టనివ్వదు. నిమ్మకాయ, ఉసిరికాయ దానికి విరుగుడు. చలికాలంలో మా అడవిలో ఉసిరికి కొదవ లేదు. సంతలో కుప్పలు పోసి అమ్ముతారు. పట్నంలో పచ్చడి అవుతుంది గానీ బడి గుడాల మీదికి రాదు.

ఇక్కడ ఒక అనుమానం న్యాయమే. తిండి పెడితే చాలదా, ఆట ఎందుకు? నలభై ఏళ్ళుగా పిల్లల్ని పరిగెత్తించిన వ్యాయామోపాధ్యాయులు (పీఈటీలు) కొందరు ఎదురు ప్రశ్న వేస్తారు: ఆట ఉంటే చాలదా, తిండి వంటవాళ్ళ పని కదా? రెండూ సగం సగం ఆలోచనలే. ఖాళీ కడుపుతో పరిగెత్తే పిల్ల ఒంట్లోంచి ఖర్చు పెడుతుంది, ఒంటికి చేర్చదు. తిండి మాత్రం పెట్టి కూర్చోబెడితే ఆ తిండి కండగా, ఎముకగా మారడానికి కావలసిన పిలుపు అందదు. గ్వాటెమాలా దేశంలోని పోషకాహార సంస్థలో పౌష్టికాహార లోపం నుంచి కోలుకుంటున్న చిన్నపిల్లలతో 1970లలో ఒక పరిశీలన చేశారు. తిండితో పాటు ఒళ్ళు కదిలే ఆటలు ఆడించిన పిల్లలు పొడవు బాగా పెరిగారని తేలింది. మనిషి ఎముకల బలంలో సింహభాగం పద్దెనిమిదో ఏడు లోపే చేరుతుంది. ఆడపిల్లలకు ఆ గడువు ఇంకా దగ్గర. తాడాటలో ఎగిరి దిగే ప్రతి దెబ్బా ఎముకకు ‘గట్టిపడు’ అని చెప్పడమే. అది పదో తరగతి పాసయ్యాక చెబితే ఆలస్యం.

తిండి మేలు ఎన్నాళ్ళు నిలుస్తుందనడానికి మన దగ్గరే ఒక సాక్ష్యం ఉంది. 1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ చుట్టుపక్కల 29 ఊళ్ళలో జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు ఒక అధ్యయనం చేశారు. 15 ఊళ్ళలో గర్భిణులకూ ఆరేళ్ళలోపు పిల్లలకూ మొక్కజొన్న సోయా పిండితో చేసిన ఉప్మా పెట్టారు. మిగతా 14 ఊళ్ళకు ఆ పథకం అప్పటికి రాలేదు. పదిహేనేళ్ళ తర్వాత ఆ పిల్లలు టీనేజికి వచ్చాక మళ్ళీ వెతికి కొలిచారు. ఉప్మా తిన్న ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవు ఎక్కువ. ఇన్సులిన్ పనితీరు కూడా మెరుగ్గా ఉంది, అంటే రేపటి షుగరు జబ్బు ముప్పు తక్కువన్న మాట. 2008లో ఆ ఫలితాలు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. మన ఊరి ఉప్మా గురించి లండన్ పత్రిక రాసింది గానీ మన మండల సమావేశాల్లో ఎవరూ మాట్లాడరు.

బడి వదిలాక తిండీ ఆటా కలిపితే ఏమవుతుందో అమెరికాలో ఒక నమూనా చేసి చూశారు. జార్జియా రాష్ట్రం ఆగస్టాలో, ఎక్కువగా నల్లజాతి పిల్లలు చదివే బడుల్లో, మూడో తరగతి నుంచి మూడేళ్ళు నడిపారు. పేరు ఫిట్‌కిడ్. బడి వదిలాక రెండు గంటలు. మొదటి 40 నిమిషాలు మంచి చిరుతిండి, హోంవర్క్. తర్వాత 80 నిమిషాలు ఆట. అక్కడి సమస్య ఊబకాయం, మనది బక్కతనం, రక్తహీనత. అయినా మనకు పనికొచ్చే పాఠం వేరే ఉంది. బడి ఉన్న నెలల్లో పిల్లల దమ్ము పెరిగింది, కొవ్వు తగ్గింది. ఎండాకాలం సెలవులు రాగానే సాధించినదంతా కరిగిపోయింది. ఏటా అదే వరస. మా దగ్గర ఎండాకాలం అంటే తునికాకు కాలం. మధ్యాహ్న భోజనం లేదు, హాస్టలు లేదు. పిల్ల తల్లితో ఆకు కోతకు పోతుంది. ఆ రెండు నెలలనూ పథకంలో చేర్చకపోతే జూన్‌లో మళ్ళీ మొదటి గడి నుంచే.

ఇప్పుడు ఆ గంట ఎలా ఉండాలో చెబుతాను. నాకు బాగా తెలిసిన భాగం ఇదే, కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

బడి వదలగానే చేతులు కడుక్కుని గుడాలు. ఎండు బొబ్బర్లు తలకు 40 గ్రాములు నానబెట్టి ఉడికిస్తే ఎనిమిది గ్రాముల మాంసకృత్తులు వస్తాయి. గుప్పెడు పల్లీలు, 25 గ్రాములు, ఇంకో ఆరు గ్రాములు. పైన నిమ్మరసమో తరిగిన ఉసిరో. చిన్న బెల్లం ముక్క. పన్నెండేళ్ళ పిల్లకు రోజంతటికీ కావలసినవి 32, 33 గ్రాములు, అందులో పదింట నాలుగు పాళ్ళకు పైగా ఈ ఒక్క గిన్నెలోంచి వస్తాయి. దీనికి ఫ్యాక్టరీ అక్కర్లేదు. ఒకవేళ తయారుగా ఉండే తిండే కావాలనుకుంటే అదీ ఉంది. ఇక్రిశాట్ సాయంతో గిరి పోషణ పేరున భద్రాచలం, ఉట్నూరు, ఏటూరునాగారం గిరిజనాభివృద్ధి సంస్థల (ఐటీడీఏల) పరిధిలో జొన్న, పప్పు, పల్లీలతో చేసే ఆహారం తయారైంది, మహిళా సంఘాలు యూనిట్లు నడిపాయి. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వు లడ్డూలు చేస్తుంటే 2025 మార్చిలో ప్రధాని మన్ కీ బాత్‌లో వాళ్ళను మెచ్చుకున్నారు. మన అడవిలో ఇప్పచెట్లు లేవా?

తినగానే పరిగెత్తించకూడదు. మొదటి పావుగంట పాఠం. పుస్తకం పాఠం కాదు. మణికట్టు మీద రెండు వేళ్ళు పెట్టి 15 సెకండ్లు నాడి లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయమనాలి. ఆట వేళ 600 మీటర్లు పరిగెత్తాక మళ్ళీ లెక్కపెట్టి, ఎన్ని నిమిషాలకు మొదటి అంకెకు దిగిందో నోటు పుస్తకంలో రాసుకోమనాలి. మూడు నెలలు పోయాక అదే పరుగు, అదే లెక్క. తన గుండె తొందరగా కుదురుకుంటోందని ఏడో తరగతి పిల్ల తన అంకెల్లోనే చూసుకున్న రోజున, ఆమెకు వ్యాయామ శాస్త్రం గురించి ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. ఖేలో ఇండియా వాళ్ళు బడిపిల్లలకు పెట్టిన పరీక్షలు కూడా ఇలాంటివే: 50 మీటర్ల పరుగు, 600 మీటర్ల పరుగు, కూర్చుని ముందుకు వంగడం, పొట్ట కండరాల కసరత్తు, పుషప్స్, ఎత్తు, బరువు. ఒక టేపూ స్టాప్‌వాచీ బరువు మిషనూ ఉంటే చాలు. అదే నోటు పుస్తకంలో ఇంకో పేజీలో పిల్ల నిన్న ఏం తిన్నదో రాస్తుంది. దాన్ని చూసి ఎవరూ తిట్టకూడదు, అదొక్కటే షరతు.

తర్వాత ఆట. కబడ్డీ, ఖోఖో, తాడాట, చిర్రగోనె. గూడెం పిల్లలు ఎక్కువగా ఉన్న బడిలో కోయల రేలా నృత్యమే చాలు. అరగంట రేలా ఆడి నాడి పట్టుకుని చూడండి, ఏ జిమ్ము ట్రెడ్‌మిల్లూ దాని ముందు నిలవదు. తీజ్ పండుగప్పుడు తండా ఆడపిల్లలు గంటల తరబడి గుండ్రంగా తిరిగి ఆడతారు. ఆ ఊపిరి వాళ్ళకు పుట్టుకతో వచ్చినట్టే ఉంటుంది, బడికి వచ్చేసరికి బెంచీ మీద ఇంకిపోతుంది. 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్ళు చెమటపట్టే కదలిక కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో మరోసారి చెప్పింది. మన టైంటేబుల్లో గేమ్స్ పీరియడ్ ఉంది. సిలబస్ వెనకబడగానే దాన్ని లెక్కల సారు తీసుకుంటారు. తిరిగి ఇచ్చిన సారును నేను చూడలేదు.

ఆడపిల్లల గురించి విడిగా చెప్పాలి. పెద్దమనిషి అయ్యేదాకా గ్రౌండులో ఉన్న పిల్ల, ఫంక్షన్ అయిన మర్నాటి నుంచి గట్టు మీద కూర్చుంటుంది. ఇంట్లో వద్దన్నారంటుంది. ఇనుము ఎక్కువ కావలసిన వయసూ అదే, ఎముక గట్టిపడాల్సిన వయసూ అదే, ఆట మానేసే వయసూ అదే. దీనికి జీవో పనిచేయదు. బడిలో ఒక తలుపున్న గది, బావుండే మరుగుదొడ్డి, నీళ్ళు, ట్రాక్ ప్యాంటు, ఆట దగ్గర ఒక ఆడమనిషి ఉంటే తల్లులు ఒప్పుకుంటారు. తమ్ముణ్ణి ఎవరు చూస్తారన్నది ఇంకో చిక్కు. తమ్ముణ్ణి వెంట తీసుకురమ్మనండి, వాడికీ ఒక గిన్నె గుడాలు పెట్టండి. ఆ తమ్ముడి గిన్నెకు ఆడిట్‌లో అభ్యంతరం రాకుండా చూసే బాధ్యత మాత్రం మీదే. డిసెంబరులో ఐదున్నరకల్లా పొద్దు వాలుతుంది, దూరపు తండాల దారి చెట్ల మధ్య నుంచి. అందుకే గంటకు మించి అడగడం లేదు, చలికాలంలో ఇంకో పావుగంట తగ్గించినా సరే.

ఒక జాగ్రత్త తప్పనిసరి. మన మన్యంలో సికిల్ సెల్, తలసేమియా అనే రక్త జబ్బుల పేర్లు కొత్త కావు. సికిల్ సెల్ ఉన్న పిల్లను ఎండలో, నీళ్ళు తాగనివ్వకుండా పందెం పరుగు పరిగెత్తిస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఆట మానిపించమని కాదు. ఆగి ఆగి ఆడాలి, నీళ్ళు తాగుతూ ఆడాలి, అలసట అనగానే కూర్చోనివ్వాలి. తరచూ రక్తం ఎక్కించుకునే తలసేమియా పిల్లకు డాక్టరు చెప్పకుండా ఐరన్ మాత్ర వేయకూడదు. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ కింద గిరిజన ప్రాంతాల్లో పరీక్షలు చేయాలి. మా మండలంలో ఈ కార్యక్రమం మొదలుపెట్టే ముందే ఆ పరీక్షలు బడిలో పూర్తి చేయించండి. ఫలితం పీఈటీకి తెలియాలి, తోటి పిల్లలకు తెలియకూడదు.

డబ్బు సంగతి. తలకు 15 రూపాయల చొప్పున 220 రోజులకు 3,300. వెయ్యి మంది పిల్లలకు ఏడాదికి 33 లక్షలు. ఎండాకాలం సెలవుల్లో తండాలోని అంగన్‌వాడీ దగ్గరో పంచాయతీ ఆఫీసు దగ్గరో పల్లీలు బెల్లం పంచితే ఇంకొంత. మన జిల్లాలో సత్తుపల్లి బొగ్గు గనులున్నాయి, జిల్లా ఖనిజ నిధి ఉంది. ఆ నిధి నిబంధనల్లోనే ఆరోగ్యం, విద్య, స్త్రీ శిశు సంక్షేమం పై వరసలో ఉన్నాయి. కారేపల్లి గనుల ప్రభావిత ప్రాంతం కాదు కదా అని ఫైలు మీద ఎవరైనా రాయవచ్చు. అలా రాస్తే సింగరేణి కంపెనీ సామాజిక బాధ్యత నిధుల తలుపు తట్టండి. ఏ ఊరి పేరు పెట్టుకున్నారో ఆ ఊరి పిల్లల గుడాలకు 33 లక్షలు కాదనడానికి వాళ్ళకు నోరు రాదనే అనుకుంటాను.

డబ్బు వచ్చాక చెడగొట్టే దారులు కూడా మనకు తెలుసు. 2023 జూన్ నుంచి వారంలో మూడు రోజులు రాగిజావ అన్నారు. అదే ఏడాది అక్టోబరు 6న బడుల్లో ముఖ్యమంత్రి అల్పాహారం మొదలైంది, ఎన్నికల తర్వాత కొనసాగలేదు. పథకం పేరు మీద బొమ్మ ఉన్నంతకాలం పథకం ఆ బొమ్మతోనే పోతుంది. దీనికి పేరు పెట్టకండి. బోర్డు రాయించకండి. మధ్యాహ్న భోజనం వండే అక్కలకు నెలకు ఇచ్చే 3,000 మీద సాయంత్రం పనికి వేరే కూలి ఇవ్వండి, బిల్లులు నెలనెలా కట్టండి. ఇప్పటికే అప్పు తెచ్చి వండుతున్న మనిషిని ఇంకో గంట ఊరికే చేయమనడం న్యాయం కాదు. పీఈటీ లేని బడిలో డిగ్రీ చదివిన తండా యువకుడినో యువతినో గౌరవవేతనంతో పెట్టి, రెండు వారాలు శిక్షణ ఇవ్వండి. ఫస్ట్ ఎయిడ్, నాడి లెక్క, సికిల్ సెల్ జాగ్రత్తలు నేర్పండి.

పతకాల లెక్క అడగకండి అని కూడా మనవి. 2014 మే 25న, తెలంగాణ ఏర్పడడానికి వారం ముందు, నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన లంబాడా పిల్ల మాలావత్ పూర్ణ పదమూడేళ్ళ పదకొండు నెలల వయసులో ఎవరెస్టు ఎక్కింది. ఆమెతో ఎక్కిన ఆనంద్ కుమార్ మన ఉమ్మడి ఖమ్మం జిల్లా చర్ల బిడ్డే. ఆ ఇద్దరినీ గుర్తించి, తిండి పెట్టి, భువనగిరి గుట్ట మీద ఎక్కడం నేర్పి పంపారు. కిన్నెరసానిలో గిరిజన క్రీడా పాఠశాల కూడా అలా ఏరిన పిల్లల కోసమే. ఏరడాన్ని నేను తప్పుపట్టను, నేనూ జీవితమంతా జట్టు కోసం పిల్లల్ని ఏరినవాణ్ణే. కానీ ఏరిన తర్వాత మిగిలిన పిల్లల గురించే ఈ ఉత్తరం. ఏ జట్టులోనూ చోటు రాని పిల్ల, పరుగులో చివరగా వచ్చే పిల్ల, ఆమె హిమోగ్లోబిన్ పదిన్నర నుంచి పన్నెండుకు చేరితే ఆ ఏడాదికి అదే పతకం. దాన్ని కొలవండి. ఏడాది మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి వేలి కొసన రక్తపు చుక్క, ఎత్తు, బరువు, 600 మీటర్ల సమయం తీయించండి. ఫలితం బాగుంటే భద్రాచలం ఐటీడీఏ వాళ్ళతో మాట్లాడి పక్క మండలాలకు పంపండి. బాగోకపోతే ఎందుకు బాగోలేదో గ్రామసభలో చెప్పండి, ఆపేయండి.

కొత్త విద్యా సంవత్సరానికి జూన్‌లో బడులు తెరుస్తారు. ఆ లోపు చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. ఎంఈఓ గారితో, పీహెచ్‌సీ డాక్టరుతో, వంట అక్కలతో ఒక పూట సమావేశం పెట్టండి, ఒక ఆర్డరు ఇవ్వండి. సమావేశం కారేపల్లిలోనే, సాయంత్రం నాలుగున్నరకు పెట్టండి. మధ్యాహ్నం ఒంటి గంటకు భోంచేసి రండి, మళ్ళీ ఏమీ తినకుండా మా పిల్లలతో పాటు ఒకసారి గ్రౌండు చుట్టి రండి. తర్వాత సంతకం సంగతి మాట్లాడుకుందాం.

ఇట్లు,
కారేపల్లి నుంచి ఒక రిటైర్డ్ వ్యాయామోపాధ్యాయుడు